టిల్లీ మోకాలు, బెరిల్ బేరం

బెరిల్ ఓల్డ్‌రాయిడ్ డెబ్భై నాలుగేళ్ళ జీవితంలో చెప్పిన ధరకు ఒక్క వస్తువు కొన్న పాపాన పోలేదు. ఈ సంగతి కీత్లీ ఊళ్ళో పాలు తాగే పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరికీ తెలుసు. ఆవిడ సంచీ ఊపుకుంటూ మార్కెట్లోకి వస్తోందంటే కూరగాయల కొట్టువాడు ధరలు రాసిన అట్టముక్కల్ని తీసి బల్ల కింద పెట్టేసేవాడు. ఎలాగూ అవి చెల్లవని అతనికి తెలుసు.

మామూలుగా ఆ ఊరివాళ్ళు బేరమాడరు. ధర మరీ ఎక్కువనిపిస్తే కొట్టువాడికి థాంక్స్ చెప్పి, ఇచ్చిన చిల్లర జేబులో వేసుకుని, ఇంటికెళ్ళి పిల్లితో చెప్పుకుని బాధపడతారు. బెరిల్‌కి పిల్లి లేదు. అందుకని మనసులో ఉన్నది కొట్టువాడి మొహానే చెప్పేసేది.

కొట్లతో ఆగితే సరే అనుకోవచ్చు. పెద్దవాళ్ళ ఉచిత బస్సు పాసు పొద్దున తొమ్మిదిన్నర దాటితే గాని చెల్లదు. ఆవిడ సరిగ్గా దానికి ముందు బస్సే ఎక్కేది.

"ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయమ్మా. టికెట్ తీసుకోవాలి," అనేవాడు డ్రైవరు.

"నా నడకకి, సీటు దాకా చేరేసరికి తొమ్మిదిన్నర అవుతుందిలే నాయనా."

"రూలు ఒప్పుకోదమ్మా."

"పోనీ మూడు నిమిషాలు నువ్వు తగ్గించు, మూడు నేను తగ్గిస్తాను. మిగిలిన రెండూ చిల్లర వెతుక్కుంటూ గడిపేస్తాను."

వెనక జనం గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టగానే డ్రైవరు టికెట్ ఊసు మానేసి, తలుపు మూసి, బస్సు కదిలించేవాడు. భర్త ఆర్నల్డ్ పోయినప్పుడు కూడా ఆవిడ శవపేటికల వాళ్ళ దగ్గర తగ్గలేదు. "ఇత్తడి పిడులెందుకయ్యా, లోపల్నుంచి మూత తీసుకుని వస్తాడా ఏంటి?" అని అడిగి మామూలు పిడులు వేయించింది. ఆస్పత్రిలో నర్సు రక్తపోటు నూట అరవై ఉందని చెబితే, "నూట నలభైకి రాదా తల్లీ?" అంది. నర్సు నవ్వలేక, నవ్వాపుకోలేక ఇంకోసారి చూసింది. నూట యాభై రెండు వచ్చింది. బెరిల్ విజయగర్వంతో కోటు తొడుక్కుంది.

ఇలాంటి మనిషి పక్కింట్లో క్లిఫర్డ్ సగ్డెన్ ఉండటం దేవుడి వేళాకోళం. రైల్వే సిగ్నల్ గదిలో ఒంటరిగా ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. ఎవరైనా కాలు తొక్కితే తనే క్షమించమని అడిగే రకం. 'వద్దు' అన్న మాట ఆయన నోట విన్నవాళ్ళు లేరు. శుక్రవారం శుక్రవారం క్రాబ్‌ట్రీ మాంసం కొట్లో క్యూలో ఆయన సరిగ్గా బెరిల్ వెనకే పడేవాడు. ఆవిడ కీమా ధర మీద కత్తి నూరుతుంటే, ఆవిడెవరో తనకి తెలియదన్నట్టు నెత్తురు పీల్చడానికి నేలమీద చల్లిన రంపపు పొట్టు వంక చూస్తూ నిలబడేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

క్లిఫర్డ్‌కి ఈ లోకంలో ఉన్నది టిల్లీ. పదకొండేళ్ళ లాబ్రడార్ కుక్క, మనిషికి సగం బరువుంటుంది. ఆ వసంతకాలంలో దాని వెనక కాలి మోకాల్లో లిగమెంటు తెగింది. ఉడుతను తరుముతూ తెగిందని చెప్పుకుంటే గౌరవంగా ఉండేది. సోఫా మీంచి దిగుతుంటే తెగింది. పశువైద్యురాలు చూసి, వచ్చే నెల ఆపరేషన్ చేద్దామంది. ఖర్చు అయిదువేల పౌండ్లు. "బీమా ఉందిగా, భయం లేదు," అనుకుంటూ ఇంటికొచ్చాడు క్లిఫర్డ్. పాత బీమా ఈ నెలాఖరుతో సరి, కొత్త ఏడాదికి నెలకు తొంభై ఒక్క పౌండ్లు కట్టాలని కబురు వచ్చి కూర్చుంది. నిరుడు నలభై ఎనిమిది.

పెన్షన్లోంచి తొంభై ఒకటి ఎలా తీసినా రాదు. కట్టకపోతే ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకపోతే టిల్లీ జీవితాంతం మూడు కాళ్ళ మీద ఈడ్చుకుంటూ తిరగాలి, ఆ బరువుకి రెండో మోకాలు ఎన్నాళ్ళు ఆగుతుందో ఎవరికీ తెలియదు. క్లిఫర్డ్ పెరట్లో కూర్చుని టిల్లీ తల నిమురుతూ కళ్ళు తుడుచుకుంటుంటే గోడ మీంచి బెరిల్ తల పైకి లేచింది.

"ఏమైంది క్లిఫర్డ్? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండీ, మిసెస్ ఓల్డ్‌రాయిడ్. బీమా పెరిగింది."

సంగతంతా విన్నాక ఆవిడ కళ్ళు మెరిశాయి.

"వాళ్ళకి ఫోన్ చేసి అడిగావా?"

"అడిగానండి."

"ఏమని?"

"ధర కాస్త పెరిగినట్టుంది, మీకు శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి అన్నాను."

"తగ్గించారా?"

"లేదండి. కానీ ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది పాపం."

"మర్యాద సరే. చివరికి ఏం తేలింది?"

క్లిఫర్డ్ టిల్లీ చెవులు సవరించాడు. "దీని పళ్ళకి కూడా బీమా తీసుకున్నానండి."

బెరిల్ గోడ చుట్టూ తిరిగి వచ్చే ఓపిక లేక గోడే ఎక్కబోయి, మానుకుని, చుట్టూ తిరిగి వచ్చింది. తిన్నగా వంటింట్లోకి నడిచి, టీ పెట్టమని క్లిఫర్డ్‌కి చెప్పి, ఫోన్ తీసి బల్ల మధ్యలో పెట్టింది.

"నెంబరు కొట్టి స్పీకరు పెట్టు. నా తరఫున ఈవిడ మాట్లాడుతుందని ఒక్క ముక్క చెప్పు. తరవాత నువ్వు టీ తాగు చాలు."

అవతల షాన్ అనే అమ్మాయి పలికింది. క్లిఫర్డ్ పుట్టిన తేదీ చెప్పి, మీకు ఇబ్బంది లేకపోతేనే సుమండీ అని నాలుగుసార్లు అన్నాక బెరిల్ అందుకుంది.

"భోంచేశావా తల్లీ?"

"ఇంకా లేదండి," అంది షాన్ కాస్త తబ్బిబ్బై.

"అయితే త్వరగా తేల్చేద్దాం. మీరు తొంభై ఒకటి అంటున్నారు. నలభై చేసుకో."

"అది కంప్యూటర్ వేసిన ధరండి. నా చేతిలో ఏమీ లేదు."

"సరే. ఆ మహానుభావుడు అందులో ఏమేం కలిపాడో చదువు."

షాన్ చదవడం మొదలుపెట్టింది. "విదేశీ ప్రయాణంలో వైద్యం."

బెరిల్ కళ్ళద్దాల మీంచి క్లిఫర్డ్ వంక చూసింది. "టిల్లీ ఫ్రాన్సు వెళ్తోందా?"

"బస్సెక్కితేనే వాంతి చేసుకుంటుందండి."

"తీసెయ్ తల్లీ. తరవాత?"

"ప్రవర్తన సరిదిద్దే నిపుణుల ఫీజు."

బల్ల కింద టిల్లీ గురక పెడుతోంది. "ఇది ఎవరినైనా కరిచిందా?" అంది బెరిల్.

"లేదండి. ఒకసారి పోస్ట్‌మన్ దీని తోక తొక్కాడు. నేనే ఆయనకి క్షమాపణ చెప్పాను."

"తీసెయ్."

"కాన్పు ఖర్చులు," అంది షాన్.

"ఎవరి కాన్పు?"

"టిల్లీదండి."

బెరిల్ టీ కప్పు మెల్లగా కింద పెట్టింది. "క్లిఫర్డ్. దీనికి పిల్లలు పుట్టకుండా ఎప్పుడో చేయించావు కదూ?"

"చేయించానండి, రెండేళ్ళ వయసులోనే. కానీ ఆ అమ్మాయి అంత ఆప్యాయంగా అడుగుతుంటే, వద్దంటే చిన్నబుచ్చుకుంటుందేమోనని."

ఫోన్లోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. పదకొండేళ్ళుగా ఏడాదికొకటి చొప్పున క్లిఫర్డ్ మొహమాటం మేసి బలిసిన బీమా అది. నీళ్ళలో ఈత చికిత్స పోయింది. దొంగలెత్తుకుపోతే ప్రకటన ఖర్చు పోయింది. మొన్న తీసుకున్న పళ్ళ బీమా, వచ్చిన దారినే పోయింది. పూలదండలతో అంతిమ వీడ్కోలు అన్నదాన్ని తీసెయ్యమంటూ బెరిల్, "ఆర్నల్డ్‌కే లేదు," అంది. అన్నీ పోగా అరవై రెండు దగ్గర ఆగింది.

"ఇంక నా వల్ల కాదండి. మా మేనేజర్ గారిని కలుపుతాను," అంది షాన్, నిజంగానే బాధపడుతూ.

మేనేజర్ గొంతు ఇస్త్రీ చేసినట్టుంది. బెరిల్ ఎంత లాగినా అతను ఒక్క పెన్నీ దిగలేదు. ఇలా అయితే వేరే కంపెనీకి పోతామని ఆవిడ అనగానే అతను చాలా మర్యాదగా చెప్పాడు. "తప్పకుండా వెళ్ళొచ్చు మేడమ్. కాకపోతే మోకాలి సంగతి ఇప్పటికే నమోదై ఉంది. ముందే ఉన్న జబ్బుకి కొత్తవాళ్ళెవరూ డబ్బివ్వరు. మిస్టర్ సగ్డెన్‌కి మేం తప్ప దిక్కు లేదు కదా."

బెరిల్ నోరు తెరిచి, మూసింది. అతను చెప్పింది నిజం. ఆ నోటికి మాట తోచకపోవడం క్లిఫర్డ్ ఎప్పుడూ చూడలేదు.

"ఒక పని చేద్దాం," అన్నాడు మేనేజర్. "బొచ్చు కత్తిరింపు బీమా కూడా కలుపుకోండి, అంతా కలిపి అరవైకి ఇస్తాను. ఏమంటారు మిస్టర్ సగ్డెన్?"

క్లిఫర్డ్ నోట్లోకి 'అలాగేనండి, చాలా సంతోషం' అన్న మాట దానంతట అదే వచ్చేసింది. సరిగ్గా అప్పుడే టిల్లీ నిద్రలేచింది. యజమాని పేరు వినిపించేసరికి లేచి నిలబడబోయింది. కాలు నిలవలేదు. చతికిలబడి, తప్పు తనదే అన్నట్టు ఆయన వంక చూసి తోక ఊపింది.

"వద్దండి," అన్నాడు క్లిఫర్డ్.

బెరిల్ చటుక్కున ఆయన వైపు తిరిగింది.

"వద్దు. పదకొండేళ్ళుగా మీరు ఏది తీసుకోమంటే అది తీసుకున్నాను. ఒక్క పెన్నీ అడగలేదు. పూలదండలతో సహా అన్నిటికీ కట్టాను. ఇప్పుడు ఒక్క మోకాలు అడుగుతున్నాను. నాకు దిక్కు లేదని చెప్పి ధర పెంచడం పద్ధతి కాదండి. అరవై నేను కట్టలేను, కట్టను. క్షమించండి." ఆయన ఆగి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "క్షమించకపోయినా ఫర్వాలేదు."

బెరిల్ రెండు చేతులతో నోరు మూసుకుంది. మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. ఒక్క నిమిషం అని వెళ్ళి, చాలాసేపటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా డబ్బు అడగని ఖాతా కాబట్టి తన అధికారంతో నలభై ఆరుకి ఇవ్వగలనన్నాడు. మోకాలికి పూర్తి ఖర్చు వస్తుందన్నాడు.

"నలభై అయిదు చేసి, ఆ పిల్ల షాన్‌ని భోజనానికి పంపు నాయనా," అంది బెరిల్, అప్పటికి తేరుకుని.

నలభై అయిదుకి ముగిసింది. నిరుటి కన్నా తక్కువ. ఫోన్ పెట్టేశాక ఇద్దరూ వంటింట్లో లేచి నిలబడి ఏం చేయాలో తెలియక కరచాలనం చేసుకున్నారు. తరవాత బెరిల్ ఆయన్ని కావలించుకుని, వీపు మీద ఒక్కటి చరిచింది. క్లిఫర్డ్‌కి ఆ వారం అంతా భుజం నొప్పి, ఆ నొప్పి ఆయనకి ఎంతో బాగుంది.

ఆపరేషన్ చక్కగా అయింది. టిల్లీ సగం బొచ్చు గొరిగించుకుని ఇంటికొచ్చింది. ఉడికించిన కోడిమాంసం తప్ప ఏమీ పెట్టొద్దన్నారని, క్లిఫర్డ్ శుక్రవారం దాకా ఆగకుండా మంగళవారమే క్రాబ్‌ట్రీ కొట్టుకి బయల్దేరాడు. కొట్టు ఖాళీగా ఉంది. బల్ల ముందు ఒక్క మనిషే నిలబడి ఉంది. చూస్తే బెరిల్.

"సాసేజీలు నాలుగు పౌండ్ల అరవై," అన్నాడు క్రాబ్‌ట్రీ.

క్లిఫర్డ్ అలవాటు కొద్దీ నేల చూపులు చూశాడు. యుద్ధం మొదలవలేదు. తలెత్తేసరికి బెరిల్ అయిదు పౌండ్ల నోటు బల్ల మీద పెడుతోంది.

"చిల్లర ఉంచు నాయనా," అంది.

క్లిఫర్డ్ చేతిలో సంచీ జారి కింద పడింది. ఆవిడ వెనక్కి తిరిగి చూసి, కోడిగుడ్లు దొంగిలిస్తూ దొరికిపోయిన పిల్లలా మొహం పెట్టింది.

"ఆవిడకి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు క్లిఫర్డ్, క్రాబ్‌ట్రీతో.

"నిక్షేపంగా ఉంది. పదేళ్ళుగా ప్రతి మంగళవారం ఇదే వరస," అన్నాడు క్రాబ్‌ట్రీ.

"నోరు ముయ్యవయ్యా," అంది బెరిల్.

"ఎన్నాళ్ళు ముయ్యను? చూడండి సగ్డెన్ గారూ. శుక్రవారం మీ పెన్షన్ వాళ్ళంతా క్యూ కడతారు. మీలో ఒక్కరికీ నోరు పెగలదు. ఈవిడ ముందు నిలబడి నా పీకమీద కూర్చుని ధర దించుతుంది. ఈవిడకి దించాక వెనకున్న పదిమందికీ దించొద్దూ? ఈవిడ మాత్రం ఆ రోజు చారెడు కీమా కొంటుంది. తనకి కావలసిందంతా మంగళవారం వచ్చి చెప్పిన ధరకి పట్టుకుపోతుంది. నేనూ బతకాలిగా అంటుంది."

పదేళ్ళుగా తను తిన్న చవక మాంసమంతా క్లిఫర్డ్‌కి ఒక్కసారిగా గుర్తొచ్చింది. మళ్ళీ చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి సిగ్గుతో కాదు, ఆ మనిషి మీద పొంగుకొచ్చిన ప్రేమతో.

బెరిల్ ఆయన దగ్గరికొచ్చి వేలు చూపించింది. "నువ్వేమీ చూడలేదు. ఈ సంగతి బయటికి పొక్కిందంటే నా పరువు గంగలో కలిసినట్టే. రేపట్నుంచి ఒక్క కొట్టువాడు నా మాట వినడు."

క్లిఫర్డ్ సంచీ తీసుకుని, దుమ్ము దులిపి, ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"చూడనందుకు నాకేమిస్తారు?"

బెరిల్ తను విన్నది నిజమేనా అన్నట్టు ఆయన్ని ఎగాదిగా చూసింది. తరవాత మొహం విప్పారి, చేతులు నడుం మీదికి వెళ్ళాయి.

"ఒక సాసేజీ."

"నాలుగు."

"నాలుగా? ఏం మనిషివయ్యా. పోనీ, రెండు."

"మూడు. ఉల్లిపాయలు నేను వేయిస్తాను. భోజనం మా ఇంట్లో."

క్రాబ్‌ట్రీ కత్తి కింద పెట్టి, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి చూస్తున్నాడు. బెరిల్ టిల్లీకి కోడిమాంసం కట్టించి, దానితోపాటు తన పొట్లం మొత్తం క్లిఫర్డ్ సంచీలో పడేసి, తన బేరం ఓడిపోయినందుకు పగలబడి నవ్వుతూ, ఆయన చెయ్యి పట్టుకుని కొట్టు బయటికి నడిచింది.