యానాం రోడ్డు మీద గేదె

ఆరేళ్లుగా ఒక మనిషి మోకాలు నా గుండెల మీద ఆని ఉంది. ముందు పదేళ్లని రాసి కొట్టేశాను. ఆరే. ఎంత జరిగితే అంతే చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఇవాళ ప్రయత్నిస్తాను. మధ్యలో జారితే మీరే పట్టుకోండి.

మండపేటలో బియ్యం మిల్లు గుమాస్తాగా పనిచేశాను. అది పొట్టకోసం. నలుగురికీ నేను తెలిసింది మాత్రం కబడ్డీ మైకు వల్ల. చుట్టుపక్కల ఏ ఊళ్లో పోటీలు పెట్టినా వ్యాఖ్యానం నాదే. రెండొందల మంది జనం ఉంటే రెండు వేలనేవాణ్ణి. గీత దాటి రెండడుగులు వేసిన కుర్రాణ్ణి పులి అనేవాణ్ణి. జనం నవ్వేవారు. ఆ నవ్వు కోసం ఏమైనా అనేవాణ్ణి.

సూరిబాబు మా మిల్లులోనే బస్తాలు మోసేవాడు. కూతకి వెళ్తే మాత్రం వేరే మనిషి. పాతికేళ్ల వయసులో, పాలకొల్లు పోటీల్లో, నా కళ్లముందే కుడి మోకాలు పోగొట్టుకున్నాడు. ఆట పోయింది, కుంటు మిగిలింది. ఆ కుంటుతోనే ముప్పై ఏళ్లకు పైగా బస్తాలు మోశాడు.

ఆ కుంటుకి నేనొక కథ కట్టాను. సూరిబాబు యానాంలో చవకమందు పట్టించి సైకిలు మీద వస్తున్నాడు. రోడ్డుకి అడ్డంగా గేదె పడుకుని ఉంది. దాన్ని ఎదుటి జట్టు అనుకుని, సైకిలు దిగి, తొడ చరిచి కూత మొదలెట్టాడు. గేదె కాలు పట్టేసింది! సూరిబాబు జన్మలో మందు ముట్టలేదు. కథలో తమాషా అంతా అదే. అది నా కల్పనని మా ఊళ్లో అందరికీ తెలుసు. టీకొట్టు దగ్గర అతనే అడిగేవాడు, "ఆ గేదె సంగతి చెప్పరా" అని.

మా ప్రాంతం పేరు పెట్టుకుని టీవీలో ఆడే ప్రొఫెషనల్ కబడ్డీ జట్టు ఒకటి ఉండేది. ఆరేళ్ల కిందట వాళ్లొక మంచి పని తలపెట్టారు. పల్లె పోటీల్లో కాళ్లు పాడైన పాత ఆటగాళ్లకి రాజమండ్రిలో మోకాలి ఆపరేషన్ చేయిస్తామన్నారు. ఒకటే షరతు. దెబ్బ ఆటలో తగిలిందై ఉండాలి. ఆ పోటీలకి కాగితాలెక్కడివి? పాత సంగతులన్నీ నాకు తెలుసని ఎవరో చెబితే, జట్టు తరఫున ఒక అమ్మాయి, కెమెరాతో ఒక అబ్బాయి మా అరుగు మీదకొచ్చారు.

"మీరు ఏది చెబితే అదే మాకు రికార్డండి, మాస్టారూ," అంది ఆ అమ్మాయి.

ఉబ్బిపోయాను. ఆమె ఒక్కొక్క పేరే చదివింది, నేను ఒక్కొక్క దెబ్బే చెప్పాను. సూరిబాబు పేరు వచ్చేసరికి నా నోరు దానంతటదే గేదె దగ్గరికి పోయింది. తొడ చరిచి మరీ చెప్పాను. ఆమెకి నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. "అయ్యో, అయితే ఈయనది ఆటలో దెబ్బ కాదన్నమాట," అంటూ ఫోనులో ఏదో నొక్కింది. విన్నాను. తమాషాకన్నానమ్మా అని చెప్పేలోపే, "ఇంకోటి చెప్పండి మాస్టారూ" అంది. కెమెరా నా వైపు తిరిగింది. ఇంకోటి చెప్పాను.

"చెప్పేలోపే" అని రాశాను చూశారా? అదీ అబద్ధమే. గంటసేపు కూర్చున్నారు. టీ తాగారు. వెళ్తూ ఆమె తన నంబరు కూడా ఇచ్చింది. నెల రోజులు ఆ నంబరు తీసి చూడటం, ఫోను జేబులో పెట్టేయడం. ఎందుకని? నవ్వించిన నోటితోనే అది అబద్ధమని చెప్పడం నామోషీ అనిపించిందా? లేక, ఎన్ని ఊళ్లు తిరిగినా జనం వచ్చింది సూరిబాబు కూత కోసమే కానీ నా మైకు కోసం కాదన్న కడుపుమంట ఏ మూలో మిగిలి, అతని కాలుతో పాటు నాలోనూ ముసలిదైందా? తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ.

ఎంపికైన నలుగురి పేర్లూ సభలో నాచేతే చదివించారు. నాకు శాలువా కప్పారు. సూరిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. సభ అయ్యాక కుంటుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"నా పేరు చదవడం మర్చిపోయావేంట్రా?"

"లేదురా. నీకు వయసు దాటిపోయిందంట. వాళ్ల రూలంట."

"వెంకన్న నాకంటే పెద్దోడు కదరా! వాడికొచ్చిందిగా?"

"వాళ్లు చూసేది ఎముక వయసురా. అది వేరు."

కాసేపు నా శాలువా వైపు చూశాడు. "సర్లే. నువ్వు గట్టిగానే చెప్పుంటావు. నీ నోటికే లొంగలేదంటే ఇంకెవరికి లొంగుతారు వాళ్లు?"

మరుసటి ఏడాది ఆ జట్టు వేరే ఊరికి తరలిపోయింది. ఆపరేషన్లూ ఆగిపోయాయి. వెంకన్న ఇప్పుడు పొలం గట్ల మీద నడుస్తున్నాడు. సూరిబాబు రెండేళ్ల కిందట మంచం పట్టాడు. పెరట్లోకి వెళ్లాలంటే నేలమీద దేకుతాడు. ఒకసారి చూశాను. అరిచేతులకి చెప్పులు తొడుక్కున్నాడు.

మొన్న నేను పక్కన ఉండగానే మనవరాలు అడిగింది, "తాతా, నీ కాలికేమైంది?" అని. "యానాం రోడ్డు మీద గేదె పట్టేసిందే," అన్నాడు. నవ్వలేదు. నాకేసి చూడలేదు. ఈ కాలం పిల్లలు దాన్ని నిజమే అనుకుంటున్నారు. తాగి కాలు విరగ్గొట్టుకున్న తాత అంటున్నారు. అసలు సంగతి చెప్పి ఒప్పించే ఓపిక అతనికి పోయింది. కళ్లారా చూసినవాళ్లలో మా ఊళ్లో నేనొక్కణ్ణే మిగిలాను.

సూరిబాబుకి చదువు రాదు. ఇది అచ్చయినా అతనికి చేరదు. అందుకే రాయగలిగానా? అవుననుకుంటాను. క్షమించమని అతన్ని అడిగే ముఖం నాకు లేదు, మిమ్మల్ని అడగడం లేదు. కానీ రాస్తుంటే ఆ మోకాలు కొంచెం పక్కకి జరిగింది. ఊపిరి ఆడుతోంది.

ఒక్కటి ఉన్నదున్నట్టు చెప్పి ఆపేస్తాను. పాలకొల్లులో ఫైనలు. ఎండ. జనం నూట యాభై మంది. సూరిబాబు కూతకి వెళ్లి ఇద్దరిని తాకాడు. తిరిగొస్తుంటే ముగ్గురు మీద పడ్డారు. మోకాలు విరిగిన చప్పుడు మైకు దాకా వినిపించింది. కూత ఆపలేదు. పాక్కుంటూ వచ్చి, గీత మీద చెయ్యి పెట్టాకే ఆపాడు.

గేదె లేదు.