అమ్మ చేతి ఒంపు

ఆ రోజులన్నీ నాకు పొగలోంచే గుర్తొస్తాయి. ఎండు కొబ్బరాకుల మంట, దాని మీద బోర్లించిన కుండ, కుండ మీద తెల్లగా పుట్టి క్షణంలో ఆరిపోయే పూతరేకు. మా ఊళ్లో సగం ఇళ్లు ఆ పని మీదే బతికేవి. పాలలా పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, కాలుతున్న కుండ మీద ఒక్క లాగు లాగాలి. చేతులు రెండూ సమానంగా కదలాలి. అమ్మ కుండ వైపు చూడకుండానే, కబుర్లు చెబుతూ లాగేసేది. నేనూ చూసేదాన్ని కాదు. ఇంటర్ చదివే మహారాణిని, పొగంటే గిట్టేది కాదు.

తొంభైల చివర్లో ఒక చలికాలం ఉదయం, రేకుల అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని నాన్న స్కూటర్ వెనక కూర్చుని అమ్మ రావులపాలెం కొట్లకి బయల్దేరింది. కాలువగట్టు మీద మంచులో చక్రం గోతిలో పడి స్కూటర్ ఒరిగింది. పడేటప్పుడు ఎవరైనా చేతులు ఆనిస్తారు. అమ్మ రెండు చేతులతోనూ పెట్టెను పైకెత్తి పట్టుకుంది. కుడి మోచెయ్యి వెళ్లి రాయికి కొట్టుకుంది. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. పెట్టెలో ఒక్క రేకూ విరగలేదు. ఆ సంగతి ఆసుపత్రిలో గొప్పగా చెప్పుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

రాజమండ్రిలో గాయం కడిగారు, మళ్లీ కడిగారు. మట్టి లోపలికెళ్లి చీము పట్టింది.

"ముందు పుండు మానాలండి. ఎముక సంగతి తర్వాత చూద్దాం," అన్నారు డాక్టరు గారు.

పుండు మానేలోపు ఎముక తన ఇష్టమొచ్చినట్టు అతుక్కుంది. కట్టు విప్పి చూస్తే, చెయ్యి మోచేతి దగ్గర బయటికి ఒంపు తిరిగి ఉంది. పూర్తిగా చాపుదామంటే రాదు. మళ్లీ విరగ్గొట్టి సరిచెయ్యొచ్చని, మునుపటిలా అవుతుందని మాత్రం మాటివ్వలేనని డాక్టరు గారు చెప్పారు.

"ఒకసారి విరిగింది చాలండి," అంది అమ్మ.

మధ్యాహ్నం పూట వరండాలో అమ్మ నిద్రపోతుంటే రెండు చేతులూ నెమ్మదిగా గాలిలోకి లేచేవి. కనిపించని గుడ్డ పట్టుకుని, కనిపించని కుండ మీద లాగేవి. ఎడమ చెయ్యి సాఫీగా వెళ్లేది, కుడిది సగంలో ఆగిపోయేది. నేను పుస్తకం మూసేసి, ఆ రేకు ఈసారైనా పూర్తవుతుందేమోనని చూసేదాన్ని.

ఒకరోజు అమ్మ నిజంగానే కుండ ముందు కూర్చుంది. రేకు ఒక పక్క మందం, ఒక పక్క చిల్లులు. తీసినవన్నీ కుడితి తొట్టిలోకి వెళ్లాయి. అప్పుడడిగింది.

"ఇదివరకు నేనెలా లాగేదాన్నే? మణికట్టు కదిపేదాన్నా, భుజమా? నువ్వు చూసేదానివిగా!"

పుట్టినప్పటినుంచీ నా కళ్లముందు జరిగిన పని. ఎంత తలుచుకున్నా పొగ తప్ప ఏమీ కనబడలేదు.

"మణికట్టే అమ్మా," అన్నాను.

పాపం, నమ్మింది. రెండు రోజులు మణికట్టు వాచేదాకా లాగింది. ఇక చూడలేక, "నేనెప్పుడూ చూడలేదమ్మా," అని ఏడ్చేశాను.

"పోనీలే, నాకూ తెలీదుగా," అంది. "ఇప్పుడన్నా చూడు."

ఆ రోజునుంచి పక్కనే కూర్చున్నాను. అమ్మ పీటను వారగా తిప్పుకుంది. కుడి చేతికి సమానమయ్యేలా ఎడమ భుజం దించింది. చెయ్యి వెళ్లనంత మేర నడుముతో వెనక్కి వాలింది. ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టలేదు. ఒక మధ్యాహ్నం, వెనకున్న మంట కనబడేంత పల్చటి రేకు లేచింది. అమ్మ దాన్ని నెయ్యీ పంచదారా లేకుండానే నా నోట్లో పెట్టింది.

పెళ్లయి రామచంద్రపురం వచ్చాక నేనూ కుండ పెట్టాను. అమ్మ చూడ్డానికొచ్చి, నేను రేకు లాగుతుంటే నా చేతుల వైపే చూసింది.

"నీ చెయ్యి లక్షణంగా ఉంది కదే, ఆ మోచెయ్యి అలా వంచుతావేంటి?"

అప్పుడు చూసుకున్నాను. పీట వారగా ఉంది. ఎడమ భుజం దిగి ఉంది.

"నాకు ఇలాగే వచ్చమ్మా."

అమ్మ వంగి, నా మోచేతిని పట్టుకుని తిన్నగా చేసింది. లాగాను. రేకు చిరిగింది. అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఈసారి తనే దాన్ని మెల్లగా బయటికి వంచింది.