అయూబ్ తిట్లు, యోనతాన్ గడ్డం

గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాణ్ని ముందు తిట్టి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చోబెట్టడం కడప అయూబ్ పద్ధతి. గల్ఫ్‌లో ఫుజైరా రేవు దగ్గరి ఆ సెలూన్‌లో పక్క కుర్చీ జగిత్యాల దేవేందర్‌ది. రోజూ ఆ తిట్లు వినీ వినీ అతనికి ప్రాణం విసిగిపోయింది.

"ఏం మొగమబ్బా ఇది? మేకలు మేయకుండా ఎట్ల వదిలినాయి?" అనేవాడు అయూబ్, క్వారీ నుంచి దుమ్ముతో వచ్చిన పోచన్నను చూసి. మీసం మెలేసుకుంటూ వచ్చినవాణ్ని, "నీ మొగతనమంతా ఈ రెండు కొసలకేనా యాలాడేది?" అని అడిగేవాడు. సన్నటి గీతలా గడ్డం దిద్దించుకునే సోకులరాయుడు వస్తే, "గడ్డమా, చీమలబారా?" అనేవాడు.

దేవేందర్‌కూ మగజాతి మీద చిన్నచూపే. ఒకడికి మీసం మీద రోషం, ఇంకొకడికి గడ్డం మీద. మగతనమంతా మూడంగుళాల వెంట్రుకల్లో దాచుకుని తిరిగే వెధవలు! అయితే మాత్రం, ఆ మాట గిరాకీ మొహం మీదే అనేస్తారా?

అనుకున్నంత పనీ అయింది. ఎవడో రోషగాడు ఫిర్యాదు చేశాడు. షాపు యజమానీ, వీసా ఇచ్చిన కఫీలూ అయిన షేక్ స్వయంగా వచ్చి, "ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందో, వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తా" అన్నాడు. యాభై దాటిన మంగలికి ఇంకో వీసా ఎవడిస్తాడు?

"అన్నా, నోటికి జర తాళమెయ్యరాదే" అని బతిమాలాడు దేవేందర్.

"నోరు ఆడకపోతే నాకు చెయ్యి ఆడదురా."

అంత నోరున్న మనిషీ ఒకే ఒక్కడి దగ్గర మూగవాడైపోయాడు. యోనతాన్ అని, ఓడలకు చమురు నింపే కంపెనీలో పెద్ద ఆఫీసరు, హైఫా నుంచి వచ్చిన యూదుడు. ఎప్పుడూ నున్నగా ఉండే మనిషి, సెలవు మీద ఊరెళ్ళి బుగ్గల నిండా మాసిన గడ్డంతో తిరిగొచ్చాడు. రావడం, ఒక మూల కూర్చుని టీ తాగడం, గడ్డం ముట్టనివ్వకుండానే వెళ్ళిపోవడం. అయూబ్ పల్లెత్తు మాట అనడు!

"పోచన్నను తిట్టిన నోరు సూటును చూడంగనే పడిపాయెనా?" అని ఎత్తిపొడిచాడు దేవేందర్. అయూబ్ పళ్ళు బిగించి కత్తి నూరుకున్నాడు. వీడి శూరత్వం క్వారీ కూలీల ముందేనన్నమాట, ఛీ!

అలా నెల దాటింది. శుక్రవారం పొద్దున, నమాజుకు ముందు, సాక్షాత్తూ కఫీలే వచ్చి దేవేందర్ కుర్చీలో కూర్చున్నాడు. దేవేందర్ ఆయన తెల్లగడ్డానికి నల్లరంగు వేస్తున్నాడు. ఒక బుగ్గ అయింది. అప్పుడే యోనతాన్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"ఛీ! అద్దంలో మొగం చూసుకుంటివా?" అక్కడ అందరికీ అర్థమయ్యే హిందీలో గయ్యిమన్నాడు అయూబ్. "పెద్ద ఆఫీసరంట! మనిషివా, ముళ్ళకంపవా? ఈ అవతారంతో నా షాపులోకి ఎట్లొస్తివి? కూర్చో!"

దేవేందర్ చేతిలో బ్రష్షు కిందపడింది. అయిపోయింది, అయూబ్ కొంప మునిగింది. కఫీల్ సగం రంగు గడ్డంతోనే లేచి, "అయూబ్!" అని అరిచాడు.

యోనతాన్ కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. "ఫిర్యాదేం లేదు షేక్. మా నాన్న పోయారు. తండ్రి పోతే మాలో మగవాడు నెల్లాళ్ళు గడ్డం తియ్యకూడదు. ఆ తర్వాతైనా, ఇదేం అవతారమని స్నేహితులు మందలిస్తేనే తియ్యాలి. ఆఫీసులో ఎవణ్నడిగినా 'సర్, మీకు గడ్డం బాగుంది' అంటాడు. నన్ను తిట్టేంత స్నేహితుడు ఇక్కడ ఈయనొక్కడే."

"నీకు ముందుగాలనే ఎరుకనా?" అన్నాడు దేవేందర్ అయూబ్‌తో, నోరు తెరిచి.

"వచ్చిన దినమే అడిగితి. నెల లోపల తిడితే చెల్లదంట. నోరు దురదపెట్టి సచ్చిపోతి."

"మరి కఫీల్ ముంగట ఎందుకంటివే? రేపు అనరాదా?"

"ఈ పొద్దు సాయంత్రం నుంచి వాళ్ళకు పండగ దినం. ఆ మొగం ఏసుకునే కూర్చోవాల్నా పాపం? ఇంట్లో అయితే అమ్మో పెండ్లామో తిడతాది. ఈడ మొగోళ్ళను తిట్టే దిక్కెవరుండారురా?"

దేవేందర్‌కు సిగ్గేసింది. ఎత్తిపొడిచినందుకు తన నోటినే తిట్టుకున్నాడు.

కఫీల్ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు అద్దంలో చూసుకుని, "మరి నా గడ్డం?" అన్నాడు.

వద్దు వద్దని దేవేందర్ వెనకనుంచి అయూబ్‌కు చేతులు ఊపాడు. అద్దంలో అది కఫీల్‌కూ కనబడింది.

"డెబ్బై ఏండ్లకు తెల్లబడిన గడ్డం, దొంగసొత్తు మాదిరి దాస్తావా షేక్? నల్లరంగు వద్దని మన మతంలో పెద్దలు చెప్పలా? మనవళ్ళు నవ్వరూ?"

తల్లి పోయాక కఫీల్‌ను ఆ మాత్రం అన్న మనిషి లేడు. కఫీల్ మెడలోని గుడ్డ తీసేశాడు. ఒక బుగ్గ నలుపు, ఒక బుగ్గ తెలుపుతో, రాజులాగా మసీదుకు బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళి, దేవేందర్ వైపు వేలు చూపించాడు.

"వచ్చే శుక్రవారం వస్తా. ఆ రోజు అయూబ్ నోరు మూయించావో, నిన్ను ఇంటికి పంపించేస్తా."