వెనక సీట్లో ఇటలీ

మా పక్కింటి డ్రైవర్ చాచా పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా అందింది. మహబూబ్‌నగర్‌కు బదిలీ అయి వచ్చినప్పటి నుంచి నల్లగొండ ఫోనంటే నాకు గుండె దడే. హెడ్మాస్టరు గదిలో రిసీవర్ చెవికి పెట్టుకోగానే మా తమ్ముడు, "అక్కా, చాచా పోయిండు. పొద్దుగాల నమాజుకు లేపితే లేవలే" అన్నాడు. దొరికిన బస్సెక్కి దేవరకొండ మీదుగా నల్లగొండ చేరేసరికి పొద్దు వాలింది. ఖబరస్తాన్‌లో మట్టి వేసి వచ్చినవాళ్లు వాకిట్లో చాపల మీద కూర్చొని ఉన్నారు. కడసారి చూపు నాకు దక్కలేదు. ఆ బాధ ఇంకా పోలేదు, పోతుందన్న నమ్మకమూ లేదు.

లోపలి గదిలో చాచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె తలపైన, ఎలుకలు ఓ మూల కొరికిన యూరప్ పటం వేలాడుతోంది. నన్ను చూసి చెయ్యి చాపి, "వచ్చినవా బిడ్డా, మీ చాచా పాయె" అంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు. ఆ పటం నేను తెచ్చిందే. అందులో బూటులా కనిపించే ఇటలీ దేశపు దక్షిణ భాగమంతా కిరాయి కారులో నింపాదిగా తిరిగి రావాలని ఆయన అనుకున్నాడు. ఆ ప్రయాణం కోసం మేం ముగ్గురం ఆ గోడ ముందు కూర్చొని ఎన్నో సాయంత్రాలు మాట్లాడుకున్నాం. ఆయన వెళ్లలేదు. పైసలు లేక ఆగిపోయాడని మా బజారు అంటుంది, వయసు మీద పడి ఆగిపోయాడని చుట్టాలంటారు. రెండూ కావు. అందుకే ఇది రాస్తున్నాను.

చాచా కిరాయి కారు నడిపేవాడు. నల్లటి అంబాసిడర్. మా బజారులో పెళ్లికూతుళ్లను అత్తవారింటికి, నొప్పులొచ్చిన ఆడవాళ్లను దవాఖానకు, మొక్కులున్నవాళ్లను యాదగిరిగుట్టకు తీసుకుపోయింది ఆయనే. సాగర్ డ్యాం చూపించడానికి ఎందరిని తీసుకుపోయాడో చెప్పలేం. డ్యాం ఎట్లా ఉంటుందని అడిగితే మాత్రం, "ఆడ కానుగచెట్టు నీడ మంచిగుంటది బిడ్డా, బండి వేడెక్కది" అనేవాడు. ఏ ఊరి గురించి అడిగినా ఆయన చెప్పేది అంతే. బండి పెట్టే జాగా, రేడియేటర్‌కు నీళ్లు దొరికే జాగా, మంచి చాయ్. మిగతాదంతా బండెక్కిన సవారీలు చూసే సంగతి, తనది కాదు.

నా టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూకు హైదరాబాద్ తీసుకుపోయింది కూడా ఆయనే. మగ్గం మీది నుంచి లేచి రాలేని మా నాయిన, "నువ్వుంటే నేనున్నట్టే" అని నన్ను ఆయనతో పంపాడు. సాయంత్రం బయటికొచ్చి, "తిన్నవా చాచా?" అని అడిగాను. అప్పటిదాకా ఏ సవారీ ఆయన్ని ఆ మాట అడిగి ఎరగదట. తర్వాత ఆ మాట బజారంతా చెప్పుకున్నాడు. "ఉద్యోగం వస్తదో రాదో నాకు తెల్వదు గని, పిల్ల మంచిది" అన్నాడట. ఉద్యోగం వచ్చిందన్నప్పుడు మా నాయిన కంటే ముందు ఆయనే మిఠాయి పంచాడు.

ఈ మనిషికీ ఇటలీకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడుగుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో, మీసాలు సరిగా రాని వయసులో, సికింద్రాబాద్‌లో ఫౌజులో చేరి అక్కడికి పోయాడు. లారీ డ్రైవరుగా ఆ బూటు మడమ దగ్గర తరాంతో అనే రేవులో ఓడ దిగి, బారి, ఫోజా ఊళ్ల మీదుగా పైకి పోయాడు. బడిలో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని కదా, ఉబలాటంగా "ఏం చూసినవు చాచా?" అని అడిగాను.

"ఏం జూసిన బిడ్డా? రాత్రిళ్లే నడిపిచ్చెటోళ్లు. లైట్లు బంద్. ముందల లారీ వెనక ఇరుసుకు తెల్లరంగేసి, దానిమీద పడెటట్టు మినుకుమినుకుమనే బల్బొకటి పెట్టెటోళ్లు. గా తెల్లచుక్క ఎంబడి పోవాలె. గది తప్పితే లోయల పడ్డట్టే. పగలేమో చెట్ల కింద బండ్లు దాచి, మమ్మల్ని బండ్ల కిందనే పండుమనెటోళ్లు. ఇటలీ అంత తెల్లచుక్కనే జూసిన."

నవ్వుతూనే చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

కళ్లకు శుక్లాలొచ్చి, ఆపరేషన్ చేయించుకున్నాక ఆయన స్టీరింగు వదిలేశాడు. చూపు బాగానే ఉంది గాని బండి నడిపే చూపు కాదని తనే అన్నాడు. ఆ ఎండాకాలమే ఒకరోజు మా గడపలో నిలబడి, "టీచరమ్మా, మీ బడిల ఇటలీ నక్షా ఉంటదా?" అని అడిగాడు. అటక మీద పడి ఉన్న పాత పటం హెడ్మాస్టరును అడిగి తెచ్చిచ్చాను. గోడకు మేకు కొట్టి తగిలించి, చాలాసేపు దాని ముందే నిలబడ్డాడు.

"పోదామనుకుంటున్న. నేను నడప. జిందగీ అంత నడిపిన. ఈసారి చాచిని పక్కన కూసొబెట్టుకొని, వెనక సీట్ల కూసొని, కిటికీలకెళ్లి సూస్తా. పగటిపూట" అన్నాడు.

ఇదీ ఆయన కోరిక. ఇటలీ కూడా కాదు, వెనక సీటు. కిటికీ.

మా బజారు ముక్కున వేలేసుకుంది. ఇంటి వెనక జాగా అమ్మి ఇటలీ పోతాడట అని చాయ్ హోటల్లో నవ్వుకున్నారు. ఆయన చెవిన వేసుకోలేదు. పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు. పిల్లలు పెద్దవాళ్లయి ఎవరి సంసారం వాళ్లు చేసుకుంటున్నారు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. చాచి ఒక్కతే సణిగేది. "పొద్దందాక బూటు జూసుకుంట కూసుంటడు, అన్నం సల్లారిపోతాంది" అనేది. అట్లా అంటూనే, అక్కడ చలికి శాలువా సరిపోతుందా అని నన్ను చాటుగా అడిగేది.

ఆయన ప్రయాణం ఏర్పాటు చేసే తీరు చూసి తీరాలి. రోము దాకా విమానం, అక్కడి నుంచి తరాంతోకు రైలు, తరాంతోలో కిరాయి కారు. రోజుకు నల్లగొండ నుంచి పక్కనున్న నకిరేకల్ పోయినంత దూరం. "అంతకు మించి పోతే పోయినట్టుంటది గని, చూసినట్టుండది" అనేవాడు. చీకట్లో తనకు వాసన మాత్రమే తగిలిన చోట్ల ఆగాలన్నాడు. ఒక మలుపులో నిమ్మపూల వాసన వచ్చిందట. ఒకచోట సముద్రం చప్పుడు చెవి పక్కనే వినిపించింది గాని నీళ్లు కనబడలేదట. పటం మీద వేలు పెట్టి, "ఈడ ఆగాలె, గా సముద్రం ఏ రంగుంటదో సూడాలె" అనేవాడు. ప్రతి మజిలీ దగ్గరా నన్ను ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడిగేవాడు. "ఈడ డ్రైవర్ ఏడ పంటడు?"

నాకేం తెలుసు! ఆయన వదిలేవాడు కాదు. మనం మంచి గదిలో పడుకుంటే డ్రైవరు బండిలో ముడుచుకుని పడుకోవద్దన్నాడు. మనకంటే ముందు డ్రైవరుకు పెట్టాలన్నాడు. ఆ డ్రైవరు ఎవరో, ఏ భాష మాట్లాడతాడో తెలియదు. అయినా అతని కోసం చాచి నిమ్మకాయ తొక్కు పచ్చడి సీసా ఒకటి పక్కన పెట్టింది కూడా.

ఊరి బయట మిషన్ దవాఖానలో ఇటలీ నుంచి వచ్చిన సిస్టర్ ఉండేది. కుష్ఠురోగులకు కట్లు కడుతూ మా దగ్గరే ముసలిదైపోయింది, మా తెలుగే మాట్లాడేది. ఆమెది బారి పక్క పల్లె అని తెలిసి నేనూ చాచా వెళ్లి కలిశాం. చాచా ఏర్పాట్లన్నీ విని ఆమె ముచ్చటపడింది. చివరికి డ్రైవరు సంగతి వచ్చేసరికి తెల్లముఖం వేసింది.

"డ్రైవర్ ఉండడు సాబ్. అక్కడ కారు ఒక్కటే కిరాయికిస్తరు. తాళంచెవి మన చేతుల పెడతరు, మనమే నడుపుకోవాలె."

చాచాకు అర్థం కాలేదు. "ఎవరో తెల్వని మనిషి చేతుల తాళంచెవి పెడతరా? ఓనర్‌కు ఫికరుండదా? మరి ఆడ డ్రైవర్లు ఏం తిని బతకాలె?" అని నిలదీశాడు. ఆ కార్లన్నిటికీ ఆమే యజమాని అన్నట్టు. సిస్టర్ నవ్వి, ఆయన ముఖం చూసి నవ్వు ఆపేసింది. తన అన్న కొడుకు అక్కడే ఉన్నాడని, సెలవు పెట్టుకుని తనే కారు నడిపి చూపిస్తాడని చెప్పింది. తర్వాత అతన్ని అడిగి, సరేనన్నాడని కబురు కూడా పంపింది.

దారి దొరికింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. చాచా మాత్రం రెండు మూడు రోజులు పటం వైపు కూడా వెళ్లలేదు. ఆమె అన్న కొడుకు కన్నబిడ్డ లాంటివాడు, అతన్ని ముందు కూర్చోబెట్టి తను వెనక కూర్చోవడం ఎట్లా అని ఆయన బెంగ. అప్పుడు చాచి తేల్చేసింది. "మొదలు ఈడ కూసొని సూడుండ్రి. ఒక్కరోజు సవారీ కాండ్రి. అప్పుడు తెలుస్తది."

అలా ఒక శీతాకాలం పొద్దున కిరాయి కారు మాట్లాడుకుని అమ్రాబాద్ అడవికి బయలుదేరాం. నడిపింది చాచా దగ్గర బండి నేర్చుకున్న మనిషే, అప్పటికే నడివయసు వాడు. గురువును వెనక కూర్చోబెట్టుకున్నందుకు పాపం అతనికి చెమటలు పట్టాయి. వెనక సీట్లో చాచా, మధ్యలో చాచి, ఇటు నేను. చాచా ఇస్త్రీ షేర్వానీ వేసుకున్నాడు. డ్రైవరుతో ఒక్క మాట మాట్లాడనని చాచి చేతిలో చెయ్యేసి చెప్పాడు.

ఆ మాట నిలబెట్టుకున్నాడు. కాని దేవరకొండ రాకముందే నేను గమనించాను. ఆయన కుడికాలు మాటిమాటికీ నేలను తొక్కుతోంది. లేని బ్రేకు అది. ఎడ్లబండి ఎదురొస్తే కాలు బిగుసుకునేది. గొర్లమంద అడ్డమొస్తే పిడికిలి బిగిసేది. "చాచా, అగో పాలపిట్ట" అంటే, "ఆఁ, ఆఁ" అనేవాడు, కళ్లు మాత్రం ముందు అద్దంలోంచి రోడ్డు మీదే. డిండి జలాశయం నీళ్లు ఎండలో తళతళలాడుతూ ఆయన కిటికీ పక్కనుంచే వెళ్లిపోయాయి. ఆయన తల తిప్పలేదు. తిప్పాలని ప్రయత్నించాడు. మెడ సగం తిరిగి మళ్లీ ముందుకే వచ్చేసింది. నాకు ఆయన వైపు చూడాలంటే భయం వేసింది.

ఘాట్ ఎక్కి, అడవిదారిలో పోయి, కొండ అంచున కారు ఆగింది. కింద లోయంతా అడవి, దాని మీద పల్చని పొగమంచు. చాచి కొంగు సర్దుకుంటూ ముందుకు నడిచింది. నేను చాచా కోసం ఆగాను. ఆయన దిగి, షేర్వానీ దులుపుకుని, కారుకు ఆనుకున్నాడు.

"సిస్టర్‌కు చెప్పు బిడ్డా. గా పిలగానికి తకలీఫ్ వద్దని చెప్పు."

"ఎందుకు చాచా? ఇది మొదటిసారి. అలవాటైతది."

"కాదు బిడ్డా. నాకు సూసుడు రాదు. పొద్దున్నుంచి సూద్దామనే అనుకుంటున్న. కండ్లు రోడ్డు మీదికెళ్లి లేస్తలేవు. అప్పుడు తెల్లచుక్క, ఇప్పుడు రోడ్డు. ఇటలీ పోయినా గంతే. అంతదూరం పోయి రోడ్డు సూసొస్తనా?"

కోపం లేదు ఆయన గొంతులో. ఏడుపూ లేదు. బండికి ఏ పార్టు పోయిందో చెప్పినట్టు చెప్పాడు. ఒక మనిషి కోరుకున్నది అంత చిన్నది, అది కూడా దక్కకపోతే ఎవరిని తిట్టాలి? ఇప్పుడు కూడా నాకు తెలియదు.

డ్రైవరు ముందు సీటు లోంచి దిగి, గుడ్డతో అద్దం తుడవబోయాడు. చాచా ఆ గుడ్డ అతని చేతిలోంచి తీసుకున్నాడు.

"నువ్వు పో. సూడుపో. బండికాడ నేనుంట."

"వద్దు చాచా, నేనుంట. నువ్వు పో..."

"పోరా అంటే!"

డ్రైవరు భయపడుతూ, వెనక్కి చూసుకుంటూ నడిచాడు. చాచా నన్ను కూడా తరిమాడు. "చాచి ఒక్కతే అంచుకు నిలబడ్డది, పోయి చెయ్యి పట్టుకో" అన్నాడు. వెళ్లి చాచి చెయ్యి పట్టుకున్నాను. మా పక్కన డ్రైవరు లోయకేసి చూస్తూ చెప్పులు విడిచేసి నిలబడిపోయాడు. కాసేపటికి, "అమ్మా, ఏండ్ల సంది ఈడికి సవారీలు తెస్తున్న. ఇయ్యాలనే సూస్తున్న" అన్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి.

చాచి వెనక్కి తిరిగి, "రాండ్రి, ఒక్కసారి వచ్చి సూడుండ్రి!" అని కేకేసింది. "వస్తున్న, వస్తున్న" అని ఆయన గొంతు వినిపించింది. నేను తిరిగి చూశాను. చాచా ఎక్కడినుంచో బరువైన రాయి ఒకటి రెండు చేతులతో మోసుకొస్తున్నాడు. లోయకు వీపు పెట్టి, షేర్వానీ మట్టికి తగులుతున్నా పట్టించుకోకుండా వంగి, బండి జారకుండా దాన్ని కారు వెనక చక్రం కింద పెట్టాడు. కాలితో ఒకసారి నొక్కి చూశాడు. ఇంకో రాయి కోసం అటు వైపు వెళ్లాడు.