రెండు చుక్కల కొబ్బరినూనె

నాకు ముక్కు మీదే కోపం. ఆ పిల్లికీ అంతేనని ఆంటీ ముందే చెప్పారు. మీ ఇద్దరికీ పడుతుందో లేదో చూద్దాం అన్నారు. అందుకే వెంటనే ఇచ్చెయ్యలేదు. నెల రోజులు నా దగ్గర ఉంచుతారు. నెలాఖరున ఇంటికొచ్చి చూస్తారు. తృప్తిగా అనిపిస్తే పిల్లి నాది, లేకపోతే వెనక్కి తీసుకుపోతారు. అదీ ఒప్పందం.

ఆంటీ అంటే చుట్టమేం కాదు. నేనుంటున్న ఈ దేశంలో పెద్దవాళ్లందరూ అంకుళ్లూ ఆంటీలే. వీధిలో తిరిగే పిల్లుల్ని ఇంటికి తెచ్చి, బాగుచేసి, మంచి ఇళ్లు వెతికి ఇస్తారీవిడ. తాతగారి కాలంలో విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మొదటిసారి ఫోన్లో నా మాట తీరు విని ఇంగ్లీషు ఆపేసి తెలుగులోకి దిగిపోయారు. అందులో సగం తమిళం, కొంచెం మలయ్, వాక్యం చివర ఇక్కడివాళ్లు తగిలించే ఒక ‘లా’. అయినా నాకు కడుపు నిండిపోయింది. మా ల్యాబులో రోజంతా తెలుగు మాట వినపడదు.

నేను వన్-నార్త్‌ అనే పరిశోధనా సంస్థల పేటలో పనిచేస్తాను. సెరంగూన్‌ అనే మరో పేటలో అద్దెకుంటాను. తాళం తీస్తే లోపల ఎవరూ లేని ఇల్లు నాలుగేళ్లపాటు చూశాను, ఇంక చాలనిపించింది. పిల్లికి ఇంటి ఓనరు ఒప్పుకున్నాక ఆంటీ చెప్పినట్టు కిటికీలన్నిటికీ వల కొట్టించాను. పిల్లి వచ్చింది. బూడిద రంగు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన గుర్తుగా ఒక చెవి కొస చిన్నగా కత్తిరించి ఉంది, మొహం నిండా అసంతృప్తి. మూడో రోజుకి నా తాళం చప్పుడు వినగానే గుమ్మం దగ్గరికొచ్చి కూర్చోవడం మొదలెట్టింది. ఆ ఒక్క పనితో నన్ను కొనేసింది.

పేరు మాత్రం పెట్టలేదు. నిజం చెప్పాలంటే మనసులో ఒకటి అనుకున్నాను, పైకి పలకలేదు. తీరా నెలాఖరున తీసుకుపోతే, పేరు పెట్టుకున్నదాన్ని పోగొట్టుకోవడం ఇంకా కష్టమని భయం. ‘ఏమే’, ‘ఇదిగో’ అంటూ నెట్టుకొచ్చాను.

వారం తిరిగేసరికి వెనక కాలితో ఎడమ చెవి గోక్కోవడం మొదలెట్టింది. పట్టుకుని చూస్తే లోపల నల్లగా, డికాక్షన్ తీశాక ఫిల్టర్లో మిగిలే పొడిలాగా ఉంది. ఆ సాయంత్రం అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. అమ్మకి పిల్లులంటే పడవు గానీ, చెవుల విషయం వచ్చేసరికి ఆవిడే మా ఇంటి డాక్టరు.

“గుబిలే అది. గరిటెలో కాస్త కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, రెండు వెల్లుల్లి రెబ్బలు నలిపి వేసి, చెవిలో రెండు చుక్కలు వెయ్యవే. నీకెన్ని సార్లు వెయ్యలేదూ,” అంది.

వెల్లుల్లి అనగానే నేను ఆగాను. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకి విషమని చదివాను. వెల్లుల్లి మానేసి ఉత్త నూనె వేడిచేసుకున్నాను. నా శాస్త్రజ్ఞానానికి నేనే మురిసిపోయాను కూడా. ల్యాబులో పద్ధతి మూడుసార్లు చదవందే సీసా మూత తియ్యని మనిషిని, ఇంట్లో మాత్రం గరిటెలో నూనె కాచి, వెనక నుంచి వెళ్లి పిల్లిని పట్టుకుని, చెవిలో పోసేశాను. రెండు చుక్కలు అనుకున్నాను, అది గింజుకుంటే ఓ చెంచాడు పడింది.

అరిచింది. తల విదిలిస్తే గోడంతా నూనె. నా ముంజేతి మీద మూడు గీతలు గీసి, వాషింగ్ మెషీన్ వెనక్కి దూరిపోయింది. అక్కడ ఎడమవైపు తల వాల్చేసి కూర్చుంది. పొద్దున్నకి సర్దుకుంటుందని పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. తెల్లారినా తల అలాగే వాలి ఉంది. ఎడమ పక్కన చేరి దానికిష్టమైన చేపముక్కల పొట్లం చప్పుడు చేశాను. తిరిగి చూడలేదు. చెవిటిదాన్ని చేసేశాననుకున్నాను. ఇక ఆంటీ తీసుకుపోవడం ఖాయం. తీసుకుపోయినా నేను అనడానికి ఏమీ లేదు.

సెలవు పెట్టి, ఆంటీ ఇచ్చిన కాగితంలో ఉన్న క్లినిక్‌కే తీసుకెళ్లాను. కౌంటర్లో అమ్మాయి పిల్లి భుజాల మధ్య చిన్న యంత్రం పెట్టి, చర్మం కింద ఉన్న గుర్తింపు చిప్ నంబరు చూసుకుంది. లోపల డాక్టరు, నాకంటే చిన్నదే, చెవిలోకి లైటు వేసి చూస్తున్నంతసేపూ నేను ఊపిరి తీసుకోలేదు. కర్ణభేరి బాగానే ఉందన్నాక తీసుకున్నాను. లోపలున్నది గుబిలి కాదు, కంటికి కనపడనంత చిన్న పురుగులు, అవి చేసిన చెత్త. దాని మీద నా నూనె చేరి ముద్దయి కూర్చుంది. అందుకే సరిగా వినపడలేదు. శుభ్రం చేస్తే తల కూడా నిలబడుతుందని చెప్పింది.

ఏం పోశారని అడిగితే చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. పిల్లి చెవి గొట్టం నిలువుగా కిందికి దిగి, అక్కడ మలుపు తిరుగుతుందని వేలు వంచి చూపించింది. భేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా ఏదీ పొయ్యకూడదని, బడ్స్ అసలు పెట్టకూడదని, పెడితే చెత్త ఇంకా లోపలికే పోతుందని చెప్పింది. పురుగులకి మెడ మీద మందు వేసింది. చెవి కడిగే నీళ్లమందు ఇచ్చి, రోజు విడిచి రోజు ఎలా చెయ్యాలో నేర్పింది. సీసాని కాసేపు అరచేతిలో పట్టుకుని చల్లదనం పోగొట్టాలి. చెవి డొప్ప పైకి లేపి, సీసా మూతి చెవికి తగలకుండా మందు పొయ్యాలి. చెవి మొదట్లో వేళ్లతో మెల్లగా నొక్కుతూ రాయాలి, లోపల పచపచమని వినపడుతుంది. తర్వాత వదిలేసి దాన్ని తల విదిలించుకోనివ్వాలి. పైకి వచ్చిందాన్ని మాత్రం, కనపడినంత మేరకే, దూదితో తుడవాలి. నొప్పని అరిస్తే ఆపేసి ఫోన్ చెయ్యాలి. ఇంత సులువైన పని చాతకాక గరిటె ఎక్కించానే అని తల కొట్టేసినట్టయింది.

సులువు వినడానికే. ఇంటికొచ్చాక పిల్లి నా మొహం చూడ్డం మానేసింది. తాళం చప్పుడు వింటే గుమ్మం దగ్గరికి కాదు, మెషీన్ వెనక్కి వెళ్లేది. తువ్వాలు చుట్టి పట్టుకోబోతే తువ్వాలు నా చేతిలో మిగిలింది, అది లేదు. రెండోసారి విసుగొచ్చి గట్టిగా అరిచాను కూడా. అరిచి, సోఫాలో కూర్చుని ఏడ్చాను. మందు సరిగా వెయ్యకపోతే చెవి పోతుంది, బలవంతంగా వేస్తే పిల్లి పోతుంది. ఏ దారీ తోచలేదు.

అప్పుడు చిన్నప్పటి ఆదివారాలు గుర్తొచ్చాయి. తలంటు ముందు అమ్మ గచ్చు మీద కాళ్లు బార్లా చాపి, నన్ను మధ్యలో అటువైపు తిప్పి కూర్చోబెట్టుకునేది. నా వీపు ఆవిడ పొట్టకి ఆనేది. అటూ ఇటూ మోకాళ్లు. తల ఒక పక్కకి వాల్చి, చెవి వెనక రాస్తూ, ఎవరింట్లో ఏమైందో చెబుతూ ఉండేది. నూనె ఎప్పుడు పడేదో నాకు తెలిసేది కాదు. ఇన్నేళ్లూ హాయి నూనెదనుకున్నాను. అమ్మ ఒళ్లోది.

నాలుగు రోజులు సీసా ముట్టుకోలేదు. మొదటి రెండుసార్లూ క్లినిక్‌లో నర్సు చేత కడిగించుకొచ్చాను, డాక్టరుకి సంగతి చెబితే ఆవిడే అలా చెయ్యమంది. ఇంట్లో మాత్రం నేల మీద కూర్చుని తినడం మొదలెట్టాను. పిల్లి గిన్నె కూడా నా మోకాళ్ల మధ్యే పెట్టాను. ఆకలికి వచ్చింది, మూతి ముడుచుకుని తింది, పోయింది. తర్వాత తినేటప్పుడు చెవి వెనక ఒక్క వేలు రాశాను. తర్వాత డొప్ప ఎత్తి దించాను, అంతే, ఏమీ చెయ్యకుండా. అయిదో రోజు సాయంత్రం తిన్నాక అక్కడే అటు తిరిగి కూర్చుండిపోయింది, దాని వీపు నా పొట్టకి ఆనించి. మెల్లగా మాట్లాడుతూ మందు పోశాను. ల్యాబులో ఎవరెలా సతాయిస్తున్నారో అన్నీ చెప్పాను. విదిలించుకుంది, నా కళ్లజోడంతా మందు. కానీ పారిపోలేదు. ఒక చేపముక్క పెట్టాను. ఆ రోజు నాకున్న సంతోషం నా పరిశోధన పేపరు అచ్చయినప్పుడు కూడా లేదు.

నెలాఖరుకి చెవి లోపల గులాబి రంగులో శుభ్రంగా ఉంది. తల నిటారుగా నిలబడింది. గుమ్మం దగ్గర కాపలా మళ్లీ మొదలైంది. ఆంటీ వచ్చే రోజు ట్రైన్లో వస్తూ ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. చెవిలో పురుగులు పడ్డాయి, డాక్టరుకి చూపించాను, తగ్గింది. ఒక్క అబద్ధం లేదు. నూనె సంగతి ఆవిడకెందుకు?

ఆంటీ వస్తూనే “మకాన్ అయిందామ్మా?” అని మలయ్ మాట కలిపి భోజనం సంగతి అడిగి, వలలు లాగి చూసి, గిన్నెలు చూసి, పిల్లి చెవి ఎత్తి చూశారు. ఏమైనా జబ్బు చేసిందా అని అడిగారు. నేను కూడబలుక్కున్నది సగం చెప్పాను. పిల్లి వచ్చి నా పాదం మీద కూర్చుంది. ఇక మిగతా సగం ఆగలేదు. గరిటె, నూనె, వాలిన తల, అన్నీ చెప్పేశాను. నా వల్లే దానికంత బాధ కలిగింది, మీరు తీసుకుపోయినా నేనేమీ అనను అని చెప్పాను.

ఆంటీ కూర్చుని పిల్లి వీపు నిమిరారు.

“నాకు ఆ దినమే తెలుసు లా,” అన్నారు. “చిప్ నా పేరు మీదనే ఉండాది కదా. క్లినిక్‌వాళ్లు ఫోన్ కొట్టినారు.”

మరి నన్నెందుకు అడగలేదన్నాను.

“తప్పు ఎవరు చెయ్యరమ్మా? నువ్వు చెప్తావా దాస్తావా అని చూసినాను. దాస్తే దీన్ని వెనక్కి కొండుపోయేదాన్నే. దాని బుట్ట కింద కారులోనే ఉండాది.”

బుట్ట తీసుకురావడానికి ఆవిడ లేవలేదు. కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీశారు. చిప్ నా పేరు మీదికి మార్చడానికి నా వివరాలన్నీ ఒక్కొక్కటే అడిగి నింపారు. చివర్న ఒక గడి మిగిలిందన్నారు. పిల్లి పేరు.

చెప్పాను. నెల రోజుల్లో ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారి. అప్పటికే కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి కూర్చున్న పిల్లి కదల్లేదు. ఎడమ చెవి ఒక్కటే నా వైపు తిప్పింది.