పటాకకు ఎద్దు బుద్ధి

డిగ్రీ చదివే రోజుల్లో మనకు తెలియనిది లోకంలో ఏదీ లేదనిపిస్తుంది, ఏమిటో! చదువుకుంటున్నానన్న పొగరు ఒకటి, బారెడు పొద్దెక్కేదాకా ముసుగు తన్ని పడుకునే హక్కు ఒకటి ఉంటే చాలు, మా ఊరు ఎల్లారెడ్డికి మహారాణినే అనుకునేదాన్ని. నా ఏలుబడిలో ఉన్నది ఒక్కటే జీవి, మా కుక్క పటాక. అదీ నా మాట వినేది కాదు. గేటు చప్పుడైతే దుంకేది, కాకపోతే ఎందుకు కాలేదని దుంకేది. అవ్వ (మా బాపును కన్నతల్లి, ఇంట్లో అసలు సర్కారు) "నీ పాడుగాను" అని తిడుతూనే దానికి రొట్టె ముక్క వేసేది. ఒకరోజు ఆ రొట్టె మీది ప్రేమతో పటాక అవ్వ మీదికి దుంకి ఆమెను కింద పడేసింది. మోకాలు వాచింది. "ఇగ చాలు. పోచారం అడివి కాడ ఇడిచిపెట్టి వస్త" అన్నాడు బాపు. నాకు ఏడుపు ఆగలేదు. అన్నం కూడా మానేశాను (సగం పూట. ఆ రోజు కోడికూర).

నా ఏడుపు చూడలేక బాపే ఒక ఉపాయం ఆలోచించాడు. "మన కోడె యాదికున్నదా? కొమ్ములతోని గోడలు కుమ్మేది. విత్తులు కొట్టిచ్చి ఎద్దును చేసినంక బుద్ధిగ నాగలి గుంజలేదా? దీనికి గూడ ఆపరేషన్ చేపిద్దం. అయితె ఎద్దయితది, కాకుంటె పోచారమే." ట్రాలీ ఆటోలో కామారెడ్డికి బయలుదేరాం. దారి పొడుగునా పటాక వచ్చే పోయే బండ్లన్నిటినీ పేరుపేరునా పలకరించింది. పశువుల డాక్టరు ముందే చెప్పాడు. "ఆపరేషన్ మంచిదే. ఆడకుక్కల వెంబడి తిరుగుడు తగ్గుతది, కొట్లాటలు గూడ కొంచెం తగ్గొచ్చు. గని ఈ ఎగురుడు, దుంకుడు దీంతోని తగ్గుతదని నేను చెప్ప." బాపు శ్రద్ధగా తలూపాడు. ఆయనకు కావలసింది 'తగ్గుతది' అన్న ఒక్క మాటే, అది దొరికింది.

ఇంటికొచ్చాక మత్తు దిగక పటాక ఓ మూలన పడుకుంది. బాపు వాడకట్టంతా పిలిచి "సూడుండ్రి, ఎద్దు" అని చూపించాడు. తెల్లారి అదే ఎద్దు, కుట్లు నాకకుండా డాక్టరు మెడకు తొడిగిన ప్లాస్టిక్ గంపతో సహా లేచి, బాపు చేతిలో చాయ్ గ్లాసు ఎగరగొట్టి, ఆరేసిన లుంగీని వాకిలంతా ఊరేగించింది. మంచంలో ఉన్న అవ్వ పడీ పడీ నవ్వింది. "కుక్కతోక సక్కగైతదా కొడుకా?" బాపు మాత్రం నవ్వలేదు. "కుట్లు మాననీ. పోచారమే" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరుకు ఫోన్ చేసి, "సార్, ఎద్దు కాలేదు సార్" అన్నాను. అవతల ఒకటే దగ్గు (పాపం, నవ్వు ఆపుకుంటున్నాడని ఇప్పుడు అర్థమవుతోంది). "పొద్దంత ఏం చేస్తదమ్మా అది?" "గుంజకు కట్టేసి ఉంటది సార్, పొద్దుగాల జరసేపు ఇడుస్తం." "ఎద్దు పొద్దంత దున్నుతది, అందుకే పొద్దుగూకంగనె పండుకుంటది. దీనికేం పని ఉన్నది? నిన్ను కట్టేస్తె నువ్వు ఊకుంటవా? కుట్లు మానినంక రోజూ ఉరికియ్యి."

ఉరికించేదెవరు? ఇంకెవరు, నేనే! బాపును బతిమాలి కొంత గడువు తీసుకుని, కోడి కూయకముందే లేచి తాడు పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే అదే నన్ను ఈడ్చుకుపోయింది. "ఏం బిడ్డా, పోలీసు కొలువుకా?" అని ఎదురైన ప్రతివాళ్లూ అడిగేవాళ్లు. ఊపిరాడక అవునని తలూపేదాన్ని (ఆ తర్వాత, ఫలితాలు ఎప్పుడని కూడా అడిగారు). మెల్లమెల్లగా పటాక పగలు ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టింది, నేను క్లాసులో పడుకోవడం మొదలుపెట్టాను. బాపు పోచారం మాట మరి ఎత్తలేదు. పైగా, "ఆపరేషన్ చేపిచ్చిన, ఎద్దయింది" అని ఊరంతా చెప్పుకున్నాడు. నేను పిక్కలకు నూనె రాసుకుంటూ విన్నాను.

ఇప్పుడు నా ఉద్యోగం కామారెడ్డిలో. ఆదివారం ఇంటికి వెళ్తే పటాక వాకిట్లో ఎండకు పడుకుని ఉంటుంది. మూతి నెరిసింది. నన్ను చూసి తోక నేలకేసి కొడుతుంది గానీ లేవదు. "సూసినవా, ఇప్పుడు పూరాగ ఎద్దయింది. ఆపరేషన్ ఊకనే పోతదా, జర టైం పట్టింది గంతె" అంటాడు బాపు. నేను బ్యాగు కింద పడేసి, దాని ముందు వంగి, రెండు చేతులూ చాచి, "దుంకురా పటాకా, ఒక్కసారి దుంకురా" అని బతిమాలుతుంటాను.