మీరాలం చెరువులో కంప్యూటరు, టీవీ మీద గుప్పెడు గడ్డి

ఆ రోజుల్లో కంప్యూటరును చూడాలంటే చెప్పులు బయట విప్పాలి. ఏసీ గది, అద్దాల తలుపు, లోపలికి వెళ్లినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడడం, అదంతా ఒక పెద్ద మడి వ్యవహారం. (దాని ముందు తుమ్మితే లెక్కలు తప్పుతాయని మా ఆఫీసులో ఒకాయన నిజంగానే నమ్మేవాడు.) అలాంటిదాన్ని తీసుకెళ్లి పడవలో కూర్చోబెట్టమని ఎనభైల్లో ఒకరోజు నాకు హుకుం వచ్చింది. ఇప్పటి పిల్లలకు చెబితే "అందులో ఏముంది?" అంటారు. ఏముందో చెబుతాను.

చెరువుల్లో పూడిక ఎంత పేరుకుందో కొలిచే ఒక ఆఫీసులో నేను టెంపరరీ ఉద్యోగిని. ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేసిన పాపానికి అందరూ నన్ను పేరుతో కాక "కంప్యూటర్" అనే పిలిచేవాళ్లు. నాకూ అది బాగానే ఉండేది. ఆ పిలుపు చాటున నేనొక సంగతి దాచుకున్నాను మరి. మాది గౌలిపురలో పాలమ్ముకునే కుటుంబం. బాపు రోజూ సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని, శాలిబండ మీదుగా చార్మినార్ దాకా వెళ్లి పాలు పోసి వచ్చేవాడు. ఇంటర్వ్యూలో తండ్రి ఏం చేస్తాడని అడిగితే ఛాతీ విరిచి "బిజినెస్" అన్నాను. మా పెద్దసారు అది ముత్యాల దుకాణమని అనుకున్నాడో ఏమో, నన్ను కొంచెం మర్యాదగానే చూసేవాడు.

ఆ పెద్దసారే పిలిచి చెప్పాడు. "మీరాలం చెరువులో పడవ మీద కంప్యూటర్ పెట్టాలి. లోతు కొలుస్తుంటే అక్కడికక్కడే చెరువు అడుగు బొమ్మ తెర మీద కనపడాలి. సోమవారం నేనే వచ్చి చూస్తాను. పనిచేస్తే నిన్ను పర్మనెంట్ చేయమని రాస్తాను. చేయకపోతే..." అని కాస్త ఆగి నవ్వాడు. "నీకేమిటయ్యా, మీ నాన్నగారి బిజినెస్ ఉందిగా!" నా కళ్లముందు రెండు పాల క్యాన్లూ కదిలాయి.

స్టోరులో రెండు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి బీరువాకు తమ్ముడిలా ఉండేది. సారుకు అదంటే ప్రాణం. రెండోది మొత్తం కీబోర్డులోనే ఇమిడిపోయిన చిన్న మిషను. దాన్ని చిన్న టీవీకి తగిలించి, ప్రోగ్రామును టేపురికార్డరులోంచి ఎక్కించాలి. పెద్దది గోడ కరెంటు తప్ప ముట్టదు. చెరువు మధ్యలో గోడ నేనెక్కడ తెచ్చేది? చిన్నదైతే టీవీతో సహా లారీ బ్యాటరీ మీద నడుస్తుంది. అందుకని చిన్నదాన్నే ఎంచుకున్నాను. (ఈ మొత్తం కథలో నేను సొంతంగా చేసిన తెలివైన పని ఇదొక్కటే.) సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కంప్యూటరా, హార్మోనియమా?" అన్నాడు.

పడవలో టేకు బల్ల వేయించి, బల్లను పడవకూ, మిషన్నూ టీవీనీ బల్లకూ బోల్టులతో బిగించాను. కదలకుండా ఉన్నదే భద్రమని నా సిద్ధాంతం. ఒడ్డున అంతా బ్రహ్మాండంగా నడిచింది. పడవ నడిపే చాచా డీజిల్ ఇంజను స్టార్ట్ చేశాడో లేదో, ఆ అదురంతా బోల్టుల గుండా నేరుగా మిషన్లోకి ఎక్కింది. తెర మీద అంకెలు గంతులేసి మాయమయ్యాయి. మళ్లీ టేపు పెట్టి, అది కీచుమంటుంటే అయిదు నిమిషాలు ఓపిక పట్టి, ప్రోగ్రాము ఎక్కించి ఇంజను వేస్తే మళ్లీ మాయం. ఇంకో నాలుగు బోల్టులు కొట్టాను. ఈసారి ఇంకా తొందరగా మాయమయ్యాయి. శనివారానికి పన్నెండు బోల్టులయ్యాయి. చాచా గడ్డం గోక్కుంటూ, "అరే బాబూ, నీ మషీన్‌కు బుఖార్ వచ్చినట్టుంది. దవాఖానకు తీస్కపోరాదు," అన్నాడు.

ఆదివారం పొద్దున ఇంటి ముందు దిగాలుగా కూర్చున్నాను. బాపు పాలు పోసి వచ్చి, ఖాళీ క్యాన్లు విప్పుతూ నన్ను చూశాడు.

"ఏందిరా, మొఖం గట్ల పెట్టినవ్?"

అంతా చెప్పాను.

"ఎన్ని బోల్టులు కొట్టినవ్?"

"పన్నెండు."

"సంపినవ్ పో!" అని సైకిలు వైపు చెయ్యి చూపించాడు. "ఇరవై ఏండ్ల సంది గీ గుంతల తొవ్వల పాలు తీస్కపోతున్న. క్యాన్లను ఎన్నడన్న బిగించి కట్టిన్నా? బిగించి కడితె చార్మినార్ కాడికి పొయ్యేసరికి వెన్నయితది. పాత ట్యూబులతోని ఏలాడదీస్త. సైకిల్ దుంకితె దుంకని, పాలకేం ఫికర్?"

నాకు తల మీద మొట్టికాయ పడ్డట్టయింది. వెంటనే సైకిలు ట్యూబు పట్టీలుగా కోసి, ముడి వేసి చూపించాను. ఆయన ఒక్క వేలితో గుంజాడు, ఊడింది. "నీ ముడి చెప్పులకు గూడ పనికిరాదు. రేపు నేనే వస్త."

అక్కడే నాకు చిక్కొచ్చి పడింది. బాపు రాకపోతే మిషను నడవదు. వస్తే సారు చూస్తాడు: మోకాళ్ల దాకా ధోవతి, భుజం మీద తువ్వాల, ఒళ్లంతా పాల వాసన. సిగ్గు విడిచి చెబుతున్నాను, "సారు పదింటికి వస్తడు. నువ్వు ఎనిమిదింటికే వచ్చి కట్టి పో," అన్నాను. బాపు నా ముఖంలోకి చూసి, "సరే తియ్," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

సోమవారం బాపు వచ్చి ముందు పన్నెండు బోల్టులూ విప్పించాడు. పడవలో గట్టి కర్రలు నిలబెట్టి, వాటి మధ్య బల్లను ట్యూబు పట్టీలతో ఊయలలా వేలాడదీశాడు. అంతా అయ్యాక సంచీలోంచి గుప్పెడు పచ్చిగడ్డి తీసి టీవీ నెత్తిన పెట్టాడు. (పాలు తొణకకుండా క్యానులో గడ్డి వేయడం ఆయనకు అలవాటు. అది పెట్టనిదే పని పూర్తయినట్టు ఉండదు.) తీసేద్దామని నేను చెయ్యి చాపేలోపు ఒడ్డున జీపు ఆగింది. సారు గంట ముందే దిగబడ్డాడు!

"ఎవరీయన?" అన్నాడు.

బాపు అప్పటికే తువ్వాల అందుకుని పడవ దిగుతున్నాడు. నా వైపు చూడకుండానే, "కూలోన్ని సారూ," అన్నాడు.

ఉద్యోగం పోతే పోనీ అనిపించింది. "కాదు సార్. మా బాపు. గౌలిపురలో పాలు పోస్తడు. ఇదంతా ఆయన కట్టిందే," అన్నాను.

సారు ధోవతిని చూశాడు, రబ్బరు పట్టీలను చూశాడు. "ఆయన్నీ ఎక్కించు. పడవ పోనీ," అన్నాడు.

ఇంజను దడదడలాడింది. పడవ మొత్తం అదిరింది. బల్ల మాత్రం హాయిగా ఊగింది. చాచా తాడుకు కట్టిన సీసపు గుండు నీళ్లలో వదిలి లోతు చెప్పడం, నేను అంకె కొట్టడం. తెర మీద గీత మెల్లగా దిగింది, ఒక మెరక ఎక్కింది, మళ్లీ గుంతలోకి జారింది. అవతలి ఒడ్డు చేరేసరికి చెరువు అడుగంతా తెర మీద పరుచుకుంది. ఒక్క అంకె చెదరలేదు! చాచా తాడు వదిలేసి వచ్చి చూశాడు. "వల్లా! ముప్పై ఏండ్ల సంది దీని మీద తిరుగుతున్న. అడుగు ఇయ్యాల్నే చూసిన!"

సారు ముఖం వెలిగిపోయింది. అంతలో చూపు టీవీ నెత్తిన ఆగింది. "ఈ గడ్డి?"

బాపు నోరు తెరిచేలోపు నేనందుకున్నాను. "వైబ్రేషన్ కంట్రోల్ సార్."

"ఊఁ, అనుకున్నాను," అన్నాడు సారు. బాపు తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని నీళ్ల వైపు తిరిగాడు.

నేను పర్మనెంట్ అయ్యాను. ఆ ఫారంలో తండ్రి వృత్తి దగ్గర "పాల వ్యాపారం" అని గడి పట్టనంత పెద్ద అక్షరాలతో రాశాను. కొన్నాళ్లకు మిగతా పడవల్లోనూ కంప్యూటర్లు పెట్టాలని సారు ఒక జాబితా తయారుచేసి అన్ని చోట్లకూ పంపించాడు. చిన్న కంప్యూటరు, టీవీ, లారీ బ్యాటరీ, ట్యూబు పట్టీలు ఎనిమిది. చివరి వరసలో, పచ్చిగడ్డి, గుప్పెడు.

ఏళ్లు గడిచి నేనే సారునయ్యాక ఆ జాబితా సవరణకు నా బల్ల మీదికే వచ్చింది. అప్పటికి బాపు లేడు. కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి చివరి వరస మీద వేలు పెట్టి, "సార్, ఇదెందుకు? కొట్టేద్దామా?" అంది. పెన్ను తీశాను. ఆ పొద్దున ట్యూబు ముడి బిగిస్తున్న బాపు వేళ్లు కనపడ్డాయి.

"ఉండనీ అమ్మా," అన్నాను. పక్కన "తాజాది" అని ఒక్క మాట చేర్చి సంతకం పెట్టాను.